మొదటి వరుసలో ముప్పై ఒక్క ఇళ్లు

"పాస్‌వర్డ్ చెప్పు."

సాయికుమార్ గడపలోనే నిలబడి అడిగాడు. మేనమామ కూతురి ఎంగేజ్‌మెంట్‌కని కుట్టించుకున్న గంధం రంగు లాల్చీ వేసుకున్నాడు. సెంటు వాసన అతనికంటే ముందే గదిలోకి వచ్చి కూర్చుంది.

సుజన కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. "నీ లాగిన్ నీకున్నది గదా బావా."

"దాంతోని ఏం జేస్త? ఇండ్ల పేర్లు ఎక్కించుడు, తీసుడు, గంతే. అసలు తాళం నీ దగ్గర పెట్టుకున్నవు. నువ్వు పెట్టిన ఆ పారబోసే రూలు నేను తీసెయ్యాలె. చెప్పు."

"చెప్పను."

మంచం మీద, కట్టు కట్టిన కాలును దిండు మీద పెట్టుకుని కూర్చున్న పుష్పమ్మ చిన్న కోడలి వైపు తల తిప్పింది. పాలకొట్టం నుంచి అప్పుడే వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న దుర్గయ్య చెంబు వంచినవాడు వంచినట్టే ఆగాడు. అంజన్ మాత్రం అన్నం తింటూనే ఉన్నాడు. అన్నకూ తన పెళ్లానికీ మాటామాటా పెరిగినప్పుడల్లా అతనికి ఆకలి రెట్టింపవుతుంది.

"ఇన్నవా బాపూ? చెప్పదట!" సాయికుమార్ తండ్రి వైపు తిరిగాడు. "నిన్న చెల్లె స్వీటీ నౌకరి ఇంటర్వ్యూ నడుమల కట్ అయింది. దాని మొఖం నోరు తెరిచింది తెరిచినట్టే స్క్రీన్ మీద నిలవడ్డది. అవతలి సారు హలో హలో అనుకుంట పోయిండు. వాళ్లు మంచోళ్లు కాబట్టి ఇయ్యాల నాలుగింటికి ఇంకొక్క చాన్స్ ఇచ్చిండ్రు. ఇదే ఆఖరు అని మెయిల్ గూడ పెట్టిండ్రు. జహనుమా బస్తీల మూడు వందల ఇండ్లకు నెట్ ఇచ్చేటోళ్లం మనం. మన పిల్ల మన ఇంట్ల కూసొని మాట్లాడలేకపాయె! ఎందుకంటవ్? ఈమె ఆ రూటర్ పెట్టెల రూలు పెట్టింది. నిండకముందే తీసి పారబోస్తది."

"ఏం పారబోస్తది?"

"డేటా బాపూ. జనం పైసలు కట్టి తెచ్చుకునే డేటా."

దుర్గయ్య లోపలికి వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మరిచిపోయి, దాన్ని చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

పాలవాళ్ల ఇంట్లో పారబోయడమనే మాట చిన్నది కాదు. నలభై ఏళ్లుగా బర్రెల కింద కూర్చున్న మనిషి ఆయన. క్యాను అడుగున మిగిలిన తడిని కూడా నీళ్లతో తొలిచి దూడకు పట్టిస్తాడు. నాలుగు చుక్కలు నేల మీద ఒలికితే వేలితో అద్ది కళ్లకద్దుకుంటాడు.

"నిజమేనా బిడ్డా?"

సుజన కుర్చీలో నుంచి లేచి నిలబడింది. "నిజమే మామా."

 పైన ఫ్యాను ఒక్కటే టకటకమంటోంది. అంజన్ మజ్జిగ పోసుకున్నాడు.

"నన్ను జర చెప్పనియ్యండ్రి," అన్నది సుజన. "మనకు మెయిన్ లైను ఒక్కటే. పొద్దుగూకంగనే అందరు ఒక్కసారే సినిమాలు పెడతరు, గేములు దించుకుంటరు. ఆ పెట్టెల జాగ నిండిపోతది. నిండినంక వచ్చింది వచ్చినట్టే బయట పడతది. ఎవరిది ఏందని చూడదు. అందరివి ఒక్కసారే మందగిస్తయి, మల్ల అందరు ఒక్కసారే ఎగబడతరు, మల్ల నిండుతది. రోజంత ఇదే లొల్లి. అందుకే నిండకముందే అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తీసేస్తున్న. ఆ కొందరు జర నెమ్మదైతరు. మిగిలినోళ్లకు తొవ్వ దొరుకుతది. తీసేసింది పోదు మామా. పంపినోడే మల్ల పంపుతడు."

"పారబోసిన పాలు మల్ల ఎవడు పంపుతడే?" పుష్పమ్మ మంచం మీద నుంచి అడిగింది.

"అవి పాలు గాదత్తమ్మా."

"ఏదన్నా అడిగితే పాలు గాదంటవు. మేం తినేది ఆ పాల అన్నమేనాయె."

"ఆ రూలు సినిమాలకు, డౌన్‌లోడ్లకే. కాల్స్‌కు పెట్టలేదు. సినిమా ముక్క మల్ల వచ్చినా నడుస్తది. మాట ఆలస్యంగ వస్తే ఎవరికి పనికొస్తది? అందుకే కాల్స్‌కు మొదటి వరుస వేరే పెట్టిన. ముందు అవి పోవాలె, తర్వాతనే మిగిలినవి. కాని ఆ వరుసకొక హద్దు పెట్టిన. హద్దు లేకపోతే ముందటోళ్లే మొత్తం తినేస్తరు. ఎనకోళ్లకు గుక్కెడు గూడ రాదు."

సాయికుమార్ చప్పట్లు కొట్టాడు. "శభాష్! మరి చెల్లె కాల్ మొదటి వరుసలనే ఉండె గదా. ఎందుకు కట్ అయింది? చెప్పు, బాపు ముంగట చెప్పు."

ఈ ప్రశ్న కోసమే సుజన పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది. కంప్యూటర్ తెరను అందరికీ కనబడేట్టు తిప్పింది.

"ఈ పేర్లు ఎవరెక్కించిండ్రు బావా?"

తెర మీద మొదటి వరుస జాబితా ఉంది. పైన శివయ్య. ఆయన పుష్పమ్మ తమ్ముడు, ఇవాళ్టి ఎంగేజ్‌మెంట్ ఆయన బిడ్డదే. కింద సాయికుమార్‌కు అత్త వరసయ్యే సుశీలమ్మ. ఆమె కింద ఆమె ఇద్దరు కొడుకులు. కిందికి పోతున్నకొద్దీ అన్నీ చుట్టాల ఇళ్లే. మొత్తం ముప్పై ఒకటి.

"కాల్స్ పోవాలని పెట్టిన వరుస ఇది," అన్నది సుజన. "నువ్వు ఇండ్లకు ఇండ్లే ఎక్కించినవు. వాళ్ల టీవీలు, పిల్లల గేములు, అన్నీ మొదటి వరుసలనే. నిన్న సాయంత్రం క్రికెట్ మ్యాచ్. ముప్పై ఒక్క టీవీలు ఒక్కసారే పెట్టిండ్రు. హద్దు దాటినయన్నీ రాలిపోయినయి. వాటిల స్వీటీ మాట గూడ రాలింది. నేను పొద్దున చూసేదాక నాకు తెల్వదు."

సాయికుమార్ సిగ్గుపడతాడనుకుంది. అతను సిగ్గుపడలేదు.

"ఎక్కించిన. అయితే ఏంది? సొంతోళ్లమై ఉండి మాకు గూడ టీవీల చక్రం గిర్రున తిరుగుడేనా అని సుశీలత్త నలుగురిల అడిగింది నన్ను. ఇజ్జత్ ఉండాలె గదా! మన వైర్లు ఎవరి డాబాల మీదికెల్లి పోతున్నయి? చుట్టాలు తలా ఒక గోడ ఇచ్చిండ్రు కాబట్టే ఈ ధంధా నిలవడ్డది. నువ్వు వచ్చి నాలుగేండ్లాయె. అంతకుముందు ఈ పెట్టెను నడిపింది నీ చదువు గాదు, ఆ ముప్పై ఒక్క ఇండ్లు."

అందులో అబద్ధం లేదు. సుజన తెర మీది పేర్ల వైపు చూసింది.

"ఆ హద్దు తీసెయ్, అయిపాయె," అన్నాడు సాయికుమార్, కొంచెం మెత్తబడి. "చెల్లె మాట పోతది, మనోళ్ల టీవీలు పోతయి, మామ ఇంటికెల్లి ఎంగేజ్‌మెంట్ లైవ్ గూడ పోతది."

"మిగతా రెండు వందల డెబ్బై ఇండ్లు ఎండుతయి."

"ఒక గంట ఎండనీ."

సుజన మామ వైపు తిరిగింది. "మామా, పొద్దుగాల కొట్టం కాడ బాలింతల వరుసల మీ బామ్మర్ది వచ్చి నిలబడితే పోస్తరా?"

దుర్గయ్య కొట్టం దగ్గర తెల్లవారుజామున రెండు వరుసలుంటాయి. పసిబిడ్డ ఉన్న ఇంటివాళ్లది ఒకటి, మిగిలినవాళ్లది ఒకటి. బకెట్‌లో నురుగు ఆరకముందే బాలింతల వరుసకు పోస్తాడు. కాని ఇంటికి ఒక్క లోటానే. రెండో లోటా కావాలంటే చుట్టూ తిరిగి పెద్ద వరుస చివర నిలబడాల్సిందే. ఒక ఎండాకాలం సొంత చెల్లెలికే రెండో లోటా పోయనన్నాడు. ఆమె రెండేళ్లు అన్నతో మాట్లాడలేదు.

"పొయ్యను," అన్నాడు దుర్గయ్య. కొంచెం ఆగి, "పాలు పారబొయ్యను గూడ," అన్నాడు.

సుజన తల వంచుకుంది.

దుర్గయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇగ ఈ లొల్లి చాలు. నాలుగింటికి పిల్ల మాట్లాడుతది. మాట తెగలేదనుకో, ఆ పెట్టె సుజనది. ఇంట్ల ఎవ్వరు ఏలు పెట్టొద్దు. తెగిందనుకో, తాళం పెద్దోని చేతుల పెట్టి మల్ల ఆ కుర్చీల కూసోవద్దు. ఏమంటవు బిడ్డా?"

పెళ్లికి ముందు మూడేళ్లు సుజన ఒక నెట్ కంపెనీలో చేసిన పని అది. ఈ ఇంట్లో పాల లెక్క, దాణా పిండి లెక్క, చుట్టాల వరసలు అన్నీ ఒకరు చెబితే నేర్చుకున్నవే. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

"సరే మామా."

"నాకు సరే లేదు," అన్నది పుష్పమ్మ. "నా తమ్ముని బిడ్డ ఉంగరాలు గూడ నాలుగింటికే. ఈ ఇరిగిన కాలుతోని వాని మూడంతస్తుల మెట్లు ఎక్కలేక ఈడ పడి ఉన్న. ఫోన్ల చూద్దామంటే అది గూడ పోగొడతవా? ఆ బొమ్మ ఆగుతదా?"

"ఆగదత్తమ్మా."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఆగదనే అన్నది. ఎట్లా వస్తుందో చెప్పలేదు. సుజన తెర వైపు తిరిగి కూర్చుంది.

అంజన్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఫలక్‌నుమా దిక్కు ఎక్కడో వైరు తెగిందట, పోవాలన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సుజనా."

"ఏంది?"

"ఏం లేదు."

అతని బండి చప్పుడు గల్లీ మలుపులో కలిసిపోయింది.

* * *

మూడు ముప్పావుకు స్వీటీ లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కింద పువ్వుల నైట్ ప్యాంటు.

"వదినా, మల్ల నా మూతి గట్ల ఇరుక్కపోతే నేను చచ్చిపోత."

"నిన్న ఫొటో తీసి పెట్టుకోవాల్సింది. పెండ్లి సంబంధాలకు పంపుదుము."

స్వీటీ నవ్వబోయి ఏడుపు మొహం పెట్టింది. "నిజంగ తెగదు గదా?"

"నువ్వు వాళ్లు అడిగింది చెప్పు. తొవ్వ సంగతి నేను చూస్కుంట."

తలుపు దగ్గరగా వేసి వచ్చి, సుజన పని మొదలుపెట్టింది. మొదటి వరుసలో నుంచి చుట్టాల ఇళ్లను ఒక్కొక్కటే తీసింది. వాళ్ల కాల్స్ ఆ వరుసలోనే ఉంటాయి. టీవీలు, గేములు మాత్రం అందరితో పాటు వెనక వరుసలోకి వెళతాయి. సుశీలమ్మను తీసింది. ఆమె కొడుకులను తీసింది. ముప్పై పేర్లు పోయాక శివయ్య పేరు ఒక్కటే మిగిలింది.

ఆ పేరు మీద ఆమె వేలు ఆగింది.

మంచం మీద పుష్పమ్మ ఫోన్‌ను మంచినీళ్ల గ్లాసుకు ఆనించి పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఈ కాలుతో, ఎవరూ చూడకపోయినా, పట్టుచీర కట్టుకుంది.

ఒక్క చుట్టాన్ని ఉంచితే మిగతా ముప్పై మందీ అడుగుతారు. సుజన శివయ్య పేరు కూడా తీసింది.

నాలుగయింది. లోపలి గది నుంచి స్వీటీ గొంతు, "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్." పుష్పమ్మ ఫోన్‌లో నుంచి సన్నాయి.

తెర మీద వెనక వరుస గీత పైకి లేవడం మొదలుపెట్టింది. బస్తీలో చుట్టాలందరూ టీవీల్లో లైవ్ పెట్టుకున్నట్టున్నారు. గీత పైకొసకు చేరకముందే, సుజన పెట్టిన రూలు ఒకటీ అరా రాల్చడం మొదలుపెట్టింది. గీత వంగింది. మళ్లీ లేచింది, మళ్లీ వంగింది. మొదటి వరుసలో హద్దుకు చాలా కిందుగా స్వీటీ మాట సన్నగా, తిన్నగా పోతోంది.

పది నిమిషాలు అట్లా గడిచాయి. సుజన ఊపిరి తీసుకుంది.

ఫోన్ మోగింది. సాయికుమార్. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

మూడోసారి మోగలేదు. దానికి బదులు తెర మీద మొదటి వరుసలో ఒక పేరు వెలిసింది. శివయ్య.

సుజన ఆ పేరు తీసింది. మళ్లీ వచ్చింది. వెంటనే సుశీలమ్మ. వెంటనే ఆమె పెద్ద కొడుకు. శివయ్య మిద్దె మీద శామియానా కింద నిలబడి, లాల్చీ చేతులు మడుచుకుని, ఫోన్‌లో ఒక్కొక్క చుట్టాన్నీ ముందుకు తెచ్చి నిలబెడుతున్న సాయికుమార్ ఆమె కళ్లకు కట్టాడు. తాను ఒకటి తీసేలోపు అతను రెండు ఎక్కిస్తున్నాడు.

మొదటి వరుస గీత హద్దు వైపు పాకింది.

లోపలి గది నుంచి, "సారీ సర్? కుడ్ యు రిపీట్ ద క్వశ్చన్?"

పది పేర్లు. పన్నెండు.

"సర్, యువర్ వాయిస్ ఈజ్... సర్?"

వెనుక పేడ వాసన తగిలింది. సుజన తిరిగి చూసింది. దుర్గయ్య సాయంత్రం పాల బకెట్‌తో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఏమైతున్నది?"

"బావ అందర్ని మల్ల ముందుకు తెస్తున్నడు మామా. హద్దు దాటుతున్నది. ఇంకొక్క నిమిషమైతే పిల్ల మాట తెగుతది."

"ఇప్పుడు ఏం జేస్తవు?"

"బావ లాగిన్ బంద్ చెయ్యాలె."

అన్నాక కానీ ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు. ఇంటి పెద్దకొడుకును, అతను స్తంభాలెక్కి వైర్లు లాగిన ధంధాలో నుంచి, చిన్న కోడలు బయట పెట్టి తలుపేయడం. అతను చుట్టాలందరి ముందు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు.

దుర్గయ్య బకెట్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"హలో? సర్? హలో?"

సుజన నొక్కింది.

పేర్లు ఎక్కడం ఆగిపోయింది. ఆమె పదహారు పేర్లూ తీసింది. గీత కిందికి జారింది. లోపలి గదిలో ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. 

తర్వాత స్వీటీ గొంతు, "యెస్ సర్, నౌ ఇట్ ఈజ్ క్లియర్. సో, మై రోల్ ఇన్ దట్ ప్రాజెక్ట్..."

సుజన తిరిగి చూసేసరికి గుమ్మంలో దుర్గయ్య లేడు.

* * *

నాలుగూ నలభైకి స్వీటీ తలుపు తీసుకుని వచ్చింది. చొక్కా వీపు తడిసిపోయింది. "అయిపోయింది వదినా. నడుమల జర గరగరమన్నది గాని తెగలేదు. మల్ల చెప్తం అన్నరు. నవ్వుకుంటనే అన్నరు." వదిన మెడ కౌగిలించుకోబోయి ఆమె మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

సమాధానం మంచం మీద నుంచి వచ్చింది.

"సుజనా, ఇటు రా."

పుష్పమ్మ ఫోన్‌ను గ్లాసు పక్క నుంచి తీసి చేతిలో పట్టుకుని ఉంది. తెర మీద శివయ్య బిడ్డ ఉంగరం వేలు చాచి కూర్చుంది. మనిషి ఉంది, మొహం లేదు. పసుపు, ఎరుపు అలుక్కుపోయి, కళ్లూ ముక్కూ ఒక్క మసకలో కలిసిపోయాయి.

"ఆగలే," అన్నది పుష్పమ్మ. "నువ్వన్నట్టే ఆగలే. నీళ్లు కలిపిన పాల లెక్క వచ్చింది మొత్తం. ఉంగరం తొడిగింది ఎవరో, తొడిగించుకున్నది ఎవరో తెల్వలే నాకు. నా తమ్ముడు ఏడ్చిండట. వాని మొఖం సున్నం గోడ లెక్క కనవడ్డది."

"అత్తమ్మా..."

"గట్లయితదని నీకు ముందే తెలుసా?"

సిగ్నల్ అనొచ్చు. కెమెరావాడి తప్పు అనొచ్చు. వైరు అనొచ్చు, ఈ గదిలో ఎవరూ ఆ అబద్ధాన్ని పట్టుకోలేరు.

"తెలుసు."

 స్వీటీ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పట్టుచీర కుచ్చిళ్లను పుష్పమ్మ ఒక చేత్తో సర్దుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఆమె చేతిలో ఫోన్ మోగింది. ఎత్తింది. అవతల ఎవరో చాలాసేపు మాట్లాడారు.  బ్యాండు చప్పుడు గదిలోకి వినబడుతోంది. చివరికి ఫోన్ చెవి నుంచి తీసి సుజన వైపు చాచింది.

"నా తమ్ముడు. నీతోని మాట్లాడుతడట."

"నేనేం చెప్పాలత్తమ్మా?"

"నన్నడుగుతవేంది? పిల్ల మాట తెగలేదు, మీ మామ అన్నట్టు పెట్టె నీదాయె. ఇగ దాని మీద అడిగేటోళ్లకు జవాబు గూడ నువ్వే చెప్పుకోవాలె. నేను అడ్డం పడను."

సుజన ఫోన్ అందుకుంది. పుష్పమ్మ చేతి వేడి ఇంకా దాని మీద ఉంది.

"చిన్నాయనా," అన్నది. "మీ ఇంటిని మొదటి వరుసలకెల్లి తీసింది నేనే. సాయి బావది బంద్ చేసింది గూడ నేనే."

శివయ్య అరుస్తాడనుకుంది. అరవలేదు. బ్యాండును ఆపమని ఎవరికో చెప్పినట్టున్నాడు, అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం అలుముకుంది. ఆ నిశ్శబ్దంలో, ఏడ్చిన గొంతుతో, మెల్లగా అడిగాడు.

"ఎందుకు బిడ్డా?"

వాకిట్లో సాయికుమార్ బండి వచ్చి ఆగింది. స్టాండు కూడా వేయలేదు, బండి గోడకు తగిలి పడిన చప్పుడు. స్వీటీ పరుగున తలుపు వైపు వెళ్లింది. సుజన ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, గడప మీద పడుతున్న అడుగులు వింటూనే, చెప్పడం మొదలుపెట్టింది.